పోర్ట్‌లీష్ దాకా వెళ్ళొచ్చిన పరస్థానం

హలో, హలో... అందరికీ వినిపిస్తోందా? వెనకాల కుక్కర్ కూత పెడుతున్నవాళ్ళెవరో గానీ కాస్త మ్యూట్ చేసుకోండి బాబూ. మిగతావాళ్ళు మాత్రం మ్యూట్ తీసెయ్యండి. మీరు నవ్వితే నాకు వినపడాలి, లేకపోతే గోడతో మాట్లాడుతున్నట్టుంటుంది. ఇది 2020 ఆగస్టు నాటి సంగతి. ఐర్లండులో అత్లోన్ అనే ఊళ్ళో, మన కొండల్ రావు ఇంట్లో జరిగింది. నేనుండేది డబ్లిన్ దగ్గర స్వోర్డ్స్ అనే ఊళ్ళో కాబట్టి కళ్ళారా చూడలేదు. కానీ మొగుడి దగ్గర విన్నాను, పెళ్ళాం దగ్గర విడిగా విన్నాను. ఇద్దరూ ఒకేలా చెప్పారంటే నిజమే అయ్యుంటుంది.

ఆ ఆదివారం పొద్దున కొండల్ రావు వాళ్ళ ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంది. ఆయన మందుల కంపెనీలో కంప్యూటర్లు చూస్తాడు. ఏ పనీ కాగితం మీద రాయందే మొదలుపెట్టడు. దాంట్లో నాలుగే పనులు. ఆరూ యాభైకి బ్యాగు పెట్టడం. పదింటికి సూట్‌కేసులు తూకం వెయ్యడం. ఒంటిగంటకి గుత్తి వంకాయతో భోజనం. ఎనిమిదింటికల్లా పడుకోవడం. సోమవారం తెల్లారుజామున ఐదింటికి బయల్దేరి ధరణిని డబ్లిన్ ఎయిర్‌పోర్టులో దింపాలి. ఇంతకంటే తేలికైన ఆదివారం ఉంటుందా?

ధరణి కాకినాడ పిల్ల. వాళ్ళ కాలేజీకీ ఇక్కడి కాలేజీకీ ఏదో ఒప్పందం ఉంటే, ఇంజినీరింగులో ఒక సంవత్సరం ఇక్కడ చదవడానికి 2019 సెప్టెంబర్లో వచ్చింది. గది దొరికేదాకా రెండు వారాలు ఉంటానని కొండల్ రావు ఇంట్లో దిగింది. ఐర్లండులో గది దొరకడమంటే ఏమిటో ఇక్కడున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అది దొరికేలోపు మార్చి వచ్చింది, కరోనా వచ్చింది, కాలేజీ మూశారు, ఎక్కడివాళ్ళని అక్కడే ఉండమన్నారు. రెండు వారాలు కాస్తా ఏడాది అయ్యింది.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాగరత్నం గొంతు మారిపోతుంది. నాగరత్నం అంటే కొండల్ రావు భార్య. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటి నడవకూడదన్నప్పుడు ధరణి మ్యాపు మీద అన్నం పళ్ళెం బోర్లించి ఇంటి చుట్టూ గుండ్రంగా గీత గీసింది. ఆ గీత లోపలికి షానన్ నది ఒక ముక్క వచ్చింది. రోజూ సాయంత్రం కొండల్ రావు, నాగరత్నం, వాళ్ళమ్మాయి ఐశ్వర్య, ధరణి, నలుగురూ ఆ ముక్క దాకా నడిచి, నీళ్ళు చూసి, వెనక్కి వచ్చేవాళ్ళు. కొండల్ రావు అప్పటికి సిటిజన్‌షిప్‌కి అప్లికేషన్ పెట్టి ఉన్నాడు. గీత దాటి ఒక్క అడుగు వేస్తే ఒట్టు.

"అంకుల్, అదిగో హంస పిల్లలు! నాలుగడుగులు ముందుకొస్తే బాగా కనిపిస్తాయి" అనేది ధరణి.

"ఇక్కడికెల్లే చూడమ్మా. హంసలకేం, వాటికి అప్లికేషన్ లేదు" అనేవాడాయన.

మంగలి షాపులు మూసేస్తే ధరణే వీడియో చూసి ఆయనకి క్రాఫు చేసింది. తర్వాత మూడు వారాలు ఆఫీసు మీటింగుల్లో కొండల్ రావు కెమెరా పనిచెయ్యలేదు. నాగరత్నం నల్గొండ మనిషి, ధరణి గోదావరి పిల్ల. పప్పుచారులో బెల్లం ముక్క వెయ్యాలా వద్దా అని ఏప్రిల్ నెలంతా కొట్టుకున్నారు. మే నెలలో నాగరత్నం ఎవరూ చూడకుండా బెల్లం వెయ్యడం మొదలుపెట్టింది.

సరే, బ్యాగు సంగతికొస్తాను. ధరణికి ఇది మూడో టికెట్టు. మేలో ఒకటి కొన్నారు, విమానం కాన్సిలు. జూలైలో ఇంకోటి, అదీ కాన్సిలు. ఆగస్టులో ఆ స్పెషల్ విమానం ఒక్కటే. ఇది తప్పిపోతే మళ్ళీ ఎప్పుడో ఎవరికీ తెలీదు. అక్కడ పద్నాలుగు రోజులు క్వారంటైన్ ఉండి, సెప్టెంబరు మొదటివారంలో కాకినాడ కాలేజీలో స్వయంగా హాజరై సంతకం పెట్టకపోతే ఆఖరి సంవత్సరం పోయినట్టే. అందుకని అందరికీ నరాలు బిగుసుకుని ఉన్నాయి. అందరికంటే ఎక్కువ ధరణి వాళ్ళమ్మ సత్యవాణికి.

శనివారం వీడియో కాల్‌లో ఆవిడ పిడుగులాంటి మాట చెప్పింది.

"సోమవారం తూర్పుకి శూల కదండీ అన్నయ్యగారూ!"

"భూమి గుండ్రంగున్నది కదమ్మా. పడమటికే పోతున్నమనుకోరాదు, అట్ల పోయినా ఇండియా వస్తది" అన్నాడు కొండల్ రావు.

"అలాగైతే పైలట్‌కి చెప్పండి, అటే తిప్పి తీసుకొస్తాడేమో. నవ్వులాటలొద్దండీ. పరస్థానం పెట్టాల్సిందే."

తెలీనివాళ్ళకి చెప్తాను. శూల అంటే ఆ రోజు ఆ దిక్కుకి ప్రయాణం పనికిరాదని. ప్రయాణం రోజు బాగోకపోతే, దానికి ముందు మంచి ఘడియ చూసి ప్రయాణపు సామాను ఒకటి తీసుకెళ్ళి వేరేవాళ్ళింట్లో పెడతారు. అప్పటికే బయల్దేరిపోయినట్టు లెక్క. మర్నాడు దాన్ని తీసుకుని అటునుంచి అటే వెళ్ళిపోవాలి. అదే పరస్థానం. పెట్టిన వస్తువు మాత్రం మళ్ళీ మన గడప లోపలికి రాకూడదు.

"దువ్వెన పెట్టేస్తాలే అమ్మా" అంది ధరణి.

"మేలో దువ్వెనే పెట్టావు, ఏమైంది? జూలైలో దువ్వెనే, ఏమైంది? అసలెక్కడ పెట్టావది?"

"అంకుల్ కారు డిక్కీలో."

"మీ అంకుల్ కారు వేరేవాళ్ళిల్లా? దేవుణ్ణి కూడా దువ్వెనతో మోసం చేద్దామనుకున్నారన్నమాట. ఈసారి ఏది లేకపోతే నువ్వు అసలు ప్రయాణమే చెయ్యలేవో అది పెట్టు."

"పాస్‌పోర్టా?" అంది ధరణి మెల్లిగా.

"అదే మరి!"

రెండు టికెట్లు పోయిన భయం ఎంతదంటే, ఆ నలుగురిలో ఒక్కరికి కూడా ఇది తెలివితక్కువ పని అనిపించలేదు. నాగరత్నం తనే పోచంపల్లి గుడ్డతో కుట్టి ధరణికిచ్చిన చేతిసంచి ఒకటి ఉంది, ఎరుపూ నలుపూ. పాస్‌పోర్టు, టికెట్టు, గవర్నమెంటు ఫారాలు అన్నీ అందులో పెట్టి జిప్పు వేశారు. ముహూర్తం పదకొండూ ఇరవై. ఎవరి పదకొండూ ఇరవై అని మళ్ళీ అరగంట చర్చ. పిల్ల పుట్టింది ఇండియాలో కాబట్టి ఇండియా టైమే అని సత్యవాణి తేల్చేసింది. అంటే ఐర్లండులో పొద్దున ఆరూ యాభై.

పెట్టేది పక్కింట్లో. పక్కింట్లో మోరీన్ అని డెబ్బై నాలుగేళ్ళ ఐరిష్ ఆవిడ ఒక్కతే ఉంటుంది. లాక్‌డౌన్ అంతా నాగరత్నం వారానికో సంచిలో ఇడ్లీలో పులిహోరో పెట్టి ఆవిడ వాకిట్లో అద్దాల పోర్చ్‌లో పెట్టి వచ్చేది. ఆవిడ ఆ సంచిలోనే కేకు పెట్టి తిరిగిచ్చేది. శనివారం సాయంత్రం నాగరత్నం గోడ మీంచి చెప్పింది, "రేపు పొద్దున్నే మీ పోర్చ్‌లో ఒక బ్యాగు పెడతాం, వెనక్కి ఇవ్వొద్దు" అని. ఎందుకో మాత్రం చెప్పలేదు. శూల అంటే ఇంగ్లీషులో ఏమనాలో తెలీలేదామెకి. మోరీన్ "గ్రాండ్, గ్రాండ్", అంటే అలాగే అలాగే అని, గులాబీలకి నీళ్ళు పోసుకుంది.

ఆదివారం ఆరూ నలభై తొమ్మిదికి కొండల్ రావు లుంగీ మీద కోటు వేసుకుని, చేతిలో ఫోను గడియారం చూస్తూ ముందు నడిచాడు. వెనక ధరణి సంచి పట్టుకుని కుడికాలు ముందు పెట్టింది. మోరీన్ పోర్చ్‌లో ఎనిమిది నల్ల సంచులు వరసగా ఉన్నాయి. పాత బట్టలు, ఆవిడ దానానికి పోగుచేస్తూ ఉంటుంది. కొండల్ రావు ఎర్రసంచిని వాటన్నిటి మీదా, బాగా కనిపించేట్టు పెట్టించాడు.

"డ్యాడ్, ఇలా అయితే చూసినవాళ్ళు గార్డ్స్‌కి ఫోన్ చేస్తారు" అంది ఐశ్వర్య కిటికీలోంచి, ఇంగ్లీషులో. గార్డ్స్ అంటే ఇక్కడ పోలీసులు. పద్నాలుగేళ్ళ పిల్ల, తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం అచ్చం అత్లోన్ యాసలోనే ఇస్తుంది.

"నోర్ముయ్యి, ముహూర్తం దాటుతది" అన్నాడు తండ్రి.

అందరూ మళ్ళీ పడుకున్నారు. పదింటికి సూట్‌కేసులు తూచారు, రెండూ సరిగ్గా ఇరవై మూడు కిలోలు. కొండల్ రావు కాగితం మీద టిక్కు పెట్టి, టీ కప్పుతో కిటికీ దగ్గరికొచ్చి అలాగే నిలబడిపోయాడు.

"నాగా! పోర్చ్ ఖాళీగున్నదేందే?"

ఎర్రసంచి లేదు, నల్లసంచులూ లేవు, మోరీన్ కూడా లేదు. తలుపుకి తాళం. నాగరత్నం ఫోన్‌లో ఎనిమిదింపావుకి వచ్చిన మెసేజి ఉంది. "పిల్లల్ని చూసుకోవడానికి మా అమ్మాయి ఓర్లా నన్ను పోర్ట్‌లీష్ తీసుకెళ్తోంది, వారం ఉంటాను. సంచులన్నీ తీసుకెళ్తున్నాం. అందమైన ఆ బ్యాగుకి చాలా థ్యాంక్స్."

ధరణి మెట్ల మీద కూలబడింది. "అంకుల్, నా పాస్‌పోర్టు పోర్ట్‌లీష్ వెళ్ళిపోయింది."

"పోర్ట్‌లీష్ తూర్పు దిక్కేనా?" అంది నాగరత్నం.

"ఆంటీ!"

ఇరవైసార్లు ఫోన్ చేశారు. పన్నెండింటికి మోరీన్ ఎత్తింది. సంచులా? డిక్కీలో ఉన్నాయి. ఓర్లా ఆస్పత్రిలో నర్సు, డ్యూటీకి వెళ్ళిపోయింది, ఫోన్ లాకర్లో ఉంటుంది. ఆరింటికి దిగి, వచ్చే దారిలో బట్టల డబ్బాలో వేసేస్తుంది. రోడ్డు పక్కన ఇనప డబ్బాలుంటాయి కదా, పైన మూత తీసి లోపలికి తోసేస్తే మళ్ళీ మనిషన్నవాడు తియ్యలేడు, అవి. "మా సంచి వేరు..." అని నాగరత్నం మొదలుపెట్టేసరికి అటువైపు ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది.

ఇక్కడో చిక్కుంది. సరిగ్గా అప్పుడే కిల్డేర్, లీష్, ఆఫలీ మూడు కౌంటీలూ, మన జిల్లాల్లాంటివి, కరోనా వల్ల మూసి ఉన్నాయి. అత్యవసరమైతే తప్ప లోపలికి పోకూడదు, బయటికి రాకూడదు. పోర్ట్‌లీష్ ఉన్నది లీష్‌లో. హంస పిల్లల కోసం నాలుగడుగులు వెయ్యని కొండల్ రావు ఇప్పుడు మూసిన కౌంటీలోకి కారు తోలాలి.

"పోదాం పా. మన పిల్లకన్న ఎక్కువనా నీ అప్లికేషన్?" అంది నాగరత్నం. ఆయన కారు తాళాలు తీశాడు.

బయల్దేరే ముందు ఆమె సత్యవాణికి ఫోన్ చేసింది. నిజం చెప్పే ధైర్యం లేదు. "ఊరికెనే అడుగుతున్న వదినా. పరస్థానం పెట్టిన బ్యాగు, అనుకో, వేరే ఊరికి పోతే ఏమైతది?"

"వేరే ఊరికెందుకు వెళ్తుందండీ? వెళ్ళినా మంచిదే, ప్రయాణం ముందుకు సాగినట్టు. వెనక్కి గడప లోపలికి రాకపోతే చాలు."

"మరి వెనక్కి వస్తే?"

"రాకూడదండీ. ఎందుకలా అడుగుతున్నారు?"

"ఊరికెనే."

ఫోన్ పెట్టేసి మొగుడి వైపు తిరిగింది. "సూట్‌కేసులు ఎక్కించు. బ్యాగు దొరికినంక మళ్ళ ఇంటికి తేవొద్దు. అటే డబ్లిన్ పోదాం." అలా రెండు సూట్‌కేసులు, గుత్తి వంకాయ గిన్నె, అన్నం కుక్కర్, నాలుగు దుప్పట్లు, నలుగురు మనుషులు ఒంటిగంటకి కారెక్కారు. ఫ్రిజ్ మీద కాగితం ప్రకారం అది భోజనం టైము.

మూసిన కౌంటీ హద్దులో గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. ఎర్రటి ముఖం, తెల్ల మీసం. కారులోకి వంగి సూట్‌కేసులు చూశాడు, దుప్పట్లు చూశాడు, గుత్తి వంకాయ వాసన పీల్చాడు. వాళ్ళ మాటలు మన మాటల్లో చెప్తాను.

"సెలవులకి బాగానే బయల్దేరారే. కౌంటీ మూసేశారని వినలేదా?"

కొండల్ రావు దారంతా ఇంగ్లీషులో ఐదు వాక్యాలు బట్టీ పట్టాడు. ఆ ఐదూ ఒక్కసారే ఎగిరిపోయాయి. "సార్, అత్యవసరం సార్. పరస్థానం సార్."

"అదేమిటి, వైరస్సా?"

ఐశ్వర్య వెనక సీట్లోంచి తల ముందుకు పెట్టింది. అత్లోన్ యాసలో గబగబా చెప్పేసింది. రేపు ఈమె విమానం, రేపు దిక్కు బాగోలేదని ఈమె వాళ్ళమ్మ అంది, అందుకని ఇవాళే పాస్‌పోర్టు పక్కింట్లో పెట్టారు, పక్కింటావిడ దాన్ని పోర్ట్‌లీష్ తీసుకుపోయింది, ఆరింటికి బట్టల డబ్బాలో వేసేస్తారు, ఇది మా నాన్న, ఆయనకి సిటిజన్‌షిప్ కావాలి, దయచేసి పేరు రాసుకోకండి.

గార్డు టోపీ తీసి తల గోక్కున్నాడు.

"అంటే ప్రయాణం బాగా జరగాలని పాస్‌పోర్టునే ఇంట్లోంచి బయట పెట్టేశారు."

"ఎస్ సార్" అన్నాడు కొండల్ రావు. పైకి వినేసరికి మొదటిసారి ఆయనకి కూడా అదోలా అనిపించింది.

"నా పెళ్ళికి ముందురోజు రాత్రి మా అమ్మ వాన పడకూడదని బాలయేసు బొమ్మని తోటలో పొద కింద పెట్టింది. ఈ దేశంలో అందరూ అలా పెడతారు. తెల్లారేసరికి కుండపోత. మా అమ్మ ఏమందో తెలుసా? బొమ్మ ముఖం రాంగ్ సైడు తిప్పి పెట్టారు, అందుకే అంది. ముప్ఫై ఏళ్ళయింది, ఇప్పటికీ అదే మాట." ఆయన పక్కకి జరిగి దారి ఇచ్చాడు. "పాస్‌పోర్టంటే అత్యవసరమే. త్వరగా పోండి. ఆ అమ్మతో మాత్రం వాదించకండి, గెలవలేరు."

పోర్ట్‌లీష్ ఆస్పత్రి కార్ల పార్కింగు. ఓర్లా కారు నీలం రంగు అని నాగరత్నానికి గుర్తు. అక్కడ నీలం కార్లు పదకొండున్నాయి. కొండల్ రావు మాస్కు వేసుకుని, ఒక్కో కారు వెనకద్దానికి చెయ్యి అడ్డం పెట్టి లోపలికి తొంగిచూడసాగాడు. ఐదో కారు దగ్గర ఉండగా వెనకనించి సెక్యూరిటీ కుర్రాడొకడు వాకీటాకీ పట్టుకుని వస్తూ తనలో తను సణుక్కున్నాడు.

"డ్యూటీ అయిపోయే టైముకే దొరుకుతాడు ఒక్కో దొంగనాకొడుకు."

కొండల్ రావు వెనక్కి తిరక్కుండానే అన్నాడు, "తమ్మీ, నేను దొంగను గాదు. మాది నల్గొండ."

ఆ కుర్రాడు వాకీటాకీ కింద పడేసుకున్నాడు. పేరు యుగంధర్, ఎమ్మెస్సీ చదువుతూ సెలవుల్లో ఈ డ్యూటీ చేస్తున్నాడట. "సారీ అంకుల్! సారీ సారీ! అసలిక్కడ మన భాష ఎవరికి తెలుసులే అని..."

"పర్లేదు తమ్మీ. ఇంత సక్కటి తిట్టు ఇని ఏడాదయ్యింది. ఇంతకీ ఓర్లా అనే నర్సు తెలుసా నీకు?"

తెలుసు. అతను లోపలికి కబురు పంపిస్తే, పావుగంటలో ఓర్లా తాళంచెవితో పరిగెత్తుకొచ్చింది. డిక్కీ తెరిచింది. నల్లసంచులు లెక్కపెట్టారు. ఎనిమిది. ఎర్రది లేదు. ధరణి ముఖం చూడలేక యుగంధర్ ఆకాశం వైపు చూశాడు.

"ఎరుపూ నలుపూ గళ్ళదా?" అంది ఓర్లా. "అది డిక్కీలో పెట్టనివ్వలేదు మా అమ్మ. నాగరత్నం నా కోసం కుట్టిచ్చింది, వెనక్కి ఇవ్వొద్దని కూడా చెప్పింది అని దారంతా ఒళ్ళోనే పెట్టుకుంది. మా ఇల్లు ఐదు నిమిషాలే, వెళ్ళండి."

నాగరత్నం నుదురు కొట్టుకుంది. వాళ్ళు వెళ్ళేసరికి మోరీన్ పెరట్లో ఉంది. బట్టలారేసే తాడు మీద, మనవళ్ళ చొక్కాలకీ సాక్సులకీ మధ్య, రెండు క్లిప్పులతో వేలాడుతోంది పోచంపల్లి సంచి. కరోనా అంటి ఉంటుందేమోనని ఆవిడ కొత్త వస్తువు ఏదన్నా మూడు రోజులు గాలికి ఆరేసి గానీ వాడదు, జిప్పు కూడా తియ్యలేదు. పైన అప్పుడే సన్నగా జల్లు మొదలైంది. ధరణి గేటు తియ్యలేదు, గోడ దూకింది.

జిప్పు తీస్తే పాస్‌పోర్టు పొడిగా, వెచ్చగా ఉంది. ధరణి దాన్ని గుండెలకి అదుముకుని తడి గడ్డిలో కూర్చుండిపోయింది. సంగతి విన్న మోరీన్ సిగ్గుపడి రెండు చేతులూ బుగ్గలకి పెట్టుకుంది.

"నా కోసమే అనుకున్నాను. నువ్వు వెనక్కి ఇవ్వొద్దన్నావు కదా."

"నీకు ఇంకోటి కుడతా. నీలం రంగుది. తప్పంతా నాదే, విడమరిచి చెప్పలేదు" అంది నాగరత్నం.

సరిగ్గా అప్పుడే ధరణి ఫోన్ మోగింది, మెసేజి. ఆమె చదివింది. మళ్ళీ చదివింది. కొండల్ రావు చేతికిచ్చింది. ఆయన పైకి చదివాడు.

"సోమవారం విమానం సాంకేతిక కారణాల వల్ల మంగళవారానికి మార్చబడినది. అదే సమయం. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

"మంగళవారం తూర్పుకి...?" అన్నాడాయన.

"ఏ శూలా లేదు. మంగళవారం ఉత్తరానికి" అంది నాగరత్నం.

అంటే అసలు పరస్థానమే అక్కర్లేదు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. మొదట ఐశ్వర్య నవ్వింది. తర్వాత నలుగురూ ఆ జల్లులో తాడు కింద నిలబడి కళ్ళనీళ్ళు తిరిగేదాకా నవ్వారు. మోరీన్‌కి ఏమీ అర్థం కాలేదు గానీ ఆవిడా నవ్వి, లోపలికెళ్ళి టీ పెట్టింది.

సాయంత్రం అత్లోన్ తిరిగొచ్చారు. ఇంటి ముందు మళ్ళీ సమస్య. బ్యాగు గడప దాటి లోపలికి రాకూడదు.

"శూల లేదు కదా, ఇగ పట్టింపేంది?" అన్నాడు కొండల్ రావు.

"పెట్టినంక పెట్టినట్టే" అంది నాగరత్నం.

"సరే, మోరీన్ పోర్చ్‌లనే..."

"అంకుల్!" అని ధరణి అరిచిన అరుపుకి ఎదురింటి కుక్క మొరిగింది. ఆ రాత్రి పాస్‌పోర్టుకి తోడుగా కొండల్ రావు గుడారం వేసుకుని పెరట్లో పడుకున్నాడు.

సోమవారం ధరణి సంచి వదిలి కదలనంది. నాగరత్నం పెరట్లో చాప పరిచి, పెద్ద గొడుగు పాతింది. రోజంతా అక్కడే. అక్కడే గుత్తి వంకాయ వేడి చేసుకుని తిన్నారు, అక్కడే టీ తాగారు, వాన వస్తే గొడుగు కిందికి జరిగారు, ఎండ వస్తే బయటికి జరిగారు. ఐర్లండు కదా, పదినిమిషాలకోసారి జరగాల్సొచ్చింది. కొండల్ రావు, ఐశ్వర్య లోపలికి పోయాక ఇద్దరే మిగిలారు.

నాగరత్నం ధరణి జుట్టుకి నూనె రాస్తూ అంది, "బిడ్డా, ఒకటి చెప్త, ఏమనుకోకు. మేల నీ విమానం కాన్సిల్ అయినప్పుడు నువ్వు ఏడుస్తున్నవ్. నేను వంటింట్లకి పోయి సంతోషపడ్డ. జూలైల గూడ గంతే. నా ఏడుపే నీకు తగిలిందేమోనని భయపడ్డ. అందుకే మొన్న మీ అమ్మ పాస్‌పోర్టు పెట్టమంటే వద్దనలే. ఈసారన్న నీ పని అయితే నా పాపం పోతదనుకున్న."

ధరణి కాసేపు గడ్డి పీకుతూ కూర్చుంది. "జూలైలో నేను ఏడవలేదాంటీ. ఉల్లిపాయలు తరుగుతున్నా."

నాగరత్నం చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ నూనె పోసుకుంది, కావాల్సినదానికంటే ఎక్కువే పోసుకుంది. "మీ ఊళ్ళె పప్పుచారు చేసుకుంటే నన్ను యాద్ చేసుకో."

"చేసుకుంటాలే. బెల్లం తక్కువ వేసినప్పుడల్లా."

మంగళవారం ఎయిర్‌పోర్టులో టికెట్టు లేనివాళ్ళని లోపలికి రానివ్వలేదు. తలుపు దగ్గరే దింపేశారు. అందరికీ మాస్కులే కాబట్టి ఎవరు ఏడ్చారో ఎవరికీ తెలీదని కొండల్ రావు అంటాడు. ఆయన అద్దాలు మాత్రం లోపల్నించి ఆవిరి పట్టి ఉన్నాయని ఐశ్వర్య అంటుంది. ధరణి ఎర్రసంచి భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక నాగరత్నం అన్నానికి కంచాలు పెట్టింది, చూస్తే నాలుగు పెట్టింది.

రెండు రోజుల తర్వాత సత్యవాణి ఫోన్ చేసింది. పిల్ల క్షేమంగా చేరింది, హోటల్లో క్వారంటైన్లో ఉంది. ఆవిడ గొంతులో ఆనందం పొంగిపోతోంది.

"చూశారా వదినగారూ! రెండుసార్లు దువ్వెన పెడితే ఏమైంది? ఈసారి పాస్‌పోర్టు పెట్టాం, ఒక్క ఆటంకం లేకుండా నల్లేరు మీద బండిలా వచ్చేసింది. ఒక్కరోజు లేటు, అది కూడా శూల తప్పించడానికే!"

నాగరత్నం కొండల్ రావు వైపు చూసింది. కొండల్ రావు గోడ వైపు చూశాడు.

"అవును వదినా. మస్తు మంచిగ జరిగింది" అంది.

ఇదండీ సంగతి. నచ్చితే ఈ రికార్డింగు మీ గ్రూపుల్లో పంపండి. ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకి ముందు పంపండి, పరాయి దేశంలో పిల్లలున్నవాళ్ళకీ, ఆ పిల్లలకి అన్నం పెట్టినవాళ్ళకీ పంపండి. కాకినాడ వైపు మాత్రం పంపకండి, సత్యవాణి గారికి ఇంకా తెలీదు.